ఉప్పు చూడని బిక్షమ్మ

మంజులత కోస్గి బస్టాండులో దిగేసరికి ఆమె ఒక చేతిలో కూతురు, ఇంకో చేతిలో మిక్సీ ఉన్నాయి. బట్టల సంచి భుజానికి వేలాడుతోంది. వాళ్ళను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చిన అత్త బిక్షమ్మ ముందు మనవరాలిని చూసింది, తర్వాత మిక్సీని చూసింది.

"గిదెందుకు మోసుకొచ్చినవు బిడ్డా? మన ఇంట్ల రోలున్నది గద."

"రోట్ల అంత మెత్తగ కాదత్తమ్మా. ఒక్క మెతుకు నాలుకకు తగిలినా ఊంచేస్తది, మింగనే మింగది."

బిక్షమ్మ మిక్సీని తన చేతిలోకి తీసుకుని ఆటో వైపు నడిచింది.

భాగ్యశ్రీకి అప్పటికి ఐదున్నరేళ్ళు. నోటినిండా పళ్ళున్నాయి. పాటలు పాడుతుంది, వందదాకా లెక్క చెబుతుంది, అడిగితే వంద నుంచి వెనక్కి కూడా వస్తుంది. నమలమంటే మాత్రం నమలదు. మూడేళ్ళుగా ఆ పిల్ల కడుపులోకి పోయిన ప్రతి ముద్దా మిక్సీలో తిరిగి వచ్చిందే. చౌటుప్పల్ బడిలో టీచరమ్మ మెల్లగానే చెప్పింది. "జూన్‌ల ఫస్ట్ క్లాస్ మేడం. సాయంత్రం దాకా బడే ఉంటది. పగటి డబ్బా తన చేతితోని తను తినాలె. ఇప్పుడైతే రోజు అట్లనే వాపసు వస్తున్నది, చూస్తలేరా మీరు?"

చూడకేం. ఆ డబ్బా మూత రోజూ తీసేది మంజులతే. ఆమె బీఎస్సీ చదివి, మందుల ఫ్యాక్టరీ ల్యాబులో మూడేళ్ళు పనిచేసింది. దేన్నయినా కొలిచి రాసుకుంటే తప్ప కుదురుగా ఉండలేని మనిషి. ప్రతి ఆదివారం పిల్ల బరువు చూసి కాగితం మీద చుక్క పెట్టి, చుక్కలను కలిపి గీత గీసేది. ఆరు నెలలుగా ఆ గీత పైకి లేవడం లేదు.

ఇదంతా ఒక్క పల్లీతో మొదలైంది. భాగ్యశ్రీకి రెండున్నరేళ్ళున్నప్పుడు బిక్షమ్మ చౌటుప్పల్ వచ్చింది. వేయించిన పల్లీలు కొంగున కట్టుకొచ్చింది. తాను రెండు నములుతూ, ఒళ్ళో కూర్చున్న మనవరాలి నోట్లో ఒకటి వేసింది. పిల్ల నవ్వబోయింది. అంతే, గొంతుకు అడ్డం పడింది. మొహం నల్లబడింది. వంటింట్లోంచి ఉరికొచ్చిన మంజులత పిల్లను చేతి మీద బోర్లా వేసుకుని వీపు మీద చరిచింది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో పల్లీ బయటపడింది. దవాఖానలో అంతా చూసి ఏమీ కాలేదన్నారు. ఆ సాయంత్రం మంజులత అత్తతో ఒక్కటే మాట అంది.

"ఇంకోసారి నా బిడ్డకు మీ చేతితోని ఏం పెట్టొద్దు."

మర్నాడు మొదటి బస్సుకు బిక్షమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పిల్లను ఎవరికీ అప్పగించలేక మంజులత ఉద్యోగం మానేసింది. ఆ ఇంట్లోకి పల్లీ అన్నది రాలేదు.

అలాంటి బిక్షమ్మ మార్చి నెలలో కొడుకు విజేందర్‌కు ఫోన్ చేసింది. "పల్లిచేన్లు పీకుతున్నరు. పచ్చికాయ దొరికే పదిహేను దినాలు పోరిని నా కాడ ఉంచున్రి. ఉడకవెట్టిన పల్లికాయతోని నేను నమిలిపిస్త." పక్కనే విన్న మంజులతకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ పల్లీయేనా! విజేందర్ నిర్ణయం ఆమెకే వదిలేశాడు. కానీ ఇద్దరు డాక్టర్లు గొంతులో ఏ లోపమూ లేదు, ఉన్నది భయమొక్కటే అన్నారు. అరటిపండు, ఆలుగడ్డ, ఇడ్లీ, పాలల్లో నానిన బిస్కెట్టు అన్నీ అయిపోయాయి. వారం తర్వాత ఒకరోజు నిండుగా తిరిగొచ్చిన డబ్బా మూత తీసి చూసి, మంజులతే బట్టలు సర్దింది.

ఆ ఊళ్ళో పల్లిచెట్టు పీకడంలో బిక్షమ్మ తర్వాతే ఎవరైనా. చెట్టును మొదట్లో పిడికిట పట్టి, కొంచెం పక్కకు వంచి లాగిందంటే కాయ మట్టిలో మిగిలేది కాదు. భర్త ఏసోబు పోయాక ఆ కూలి మీదే కొడుకును చదివించింది. కోడలు వచ్చిన మర్నాడు పొద్దుటి పూటే కూలికి పోయి, పగటికల్లా తట్టెడు పచ్చికాయతో తిరిగొచ్చింది. వాకిట్లో పోసి మూడు నీళ్ళు కడిగింది. తర్వాత ఒక్కో కాయను వేళ్ళ మధ్య నొక్కి చూస్తూ రెండు కుప్పలు వేసింది.

"గివి ముదురు, గివి లేత. కలిపి ఉడకవెడితె ఒకటి వెన్నోలె ఐతది, ఒకటి పంటి కింద రాయోలె తగుల్తది. ఆ రాయి తగిలిందంటే నీ బిడ్డ మళ్ల నోరు తెరువది. అందుకే లేతయే."

మంజులతకు ఆశ్చర్యం వేసింది. ఏ డాక్టరూ ఇంత విడమరిచి చెప్పలేదు. "మీకెట్ల తెలుసత్తమ్మా?"

"మా అత్త గుర్వమ్మకు ఒక్క పన్ను లేకుండె. పల్లికాయంటే పానం ఇడిసేది. నాలుగేండ్లు లేతయి ఏరి ఏరి ఉడకవెట్టిచ్చిన. పండ్లు లేని ముసల్ది తిన్నది, నోటినిండ పండ్లున్న పోరి తినదా?"

మూడు రాళ్ళ పొయ్యి మీద కాయలూ నీళ్ళూ పోసిన గంజు గిన్నె ఎక్కింది. బిక్షమ్మ దొడ్డుప్పు పిడికిట తీయగానే మంజులత చెయ్యి అడ్డం పెట్టి, చెంచాతో కొలిచి వేసింది. నోట్‌బుక్కు తీసి టైము రాసుకుంది. పది నిమిషాలకోసారి ఒక కాయ తీసి, ఒలిచి, బొటనవేలితో గింజను నొక్కి చూసింది.

"రాసుకో రాసుకో," అంది బిక్షమ్మ మంట ఎగదోస్తూ. "కాయ ఉడకకుంటె ఆ కాయితం ఉడకవెట్టుకుందాం."

నలభై నిమిషాలకు గింజ వేళ్ళ మధ్య వెన్నలా నలిగింది. అయినా బిక్షమ్మ నీళ్ళు వంచనివ్వలేదు. ఉప్పు లోపలికి దిగాలంటే కాయలు ఆ నీళ్ళల్లోనే మెల్లగా చల్లారాలట. అది నిజమేనని మంజులత చదువు కూడా ఒప్పుకుంది. అప్పుడు బిక్షమ్మ గోడ మీదుగా కేకేసింది.

"నాగరాణీ! జర ఉప్పు చూసిపోవే!"

పక్కింటి నాగరాణి వచ్చి, రెండు కాయలు ఒలుచుకుని, "మంచిగున్నది పెద్దమ్మా" అనేసి పోయింది. గంజు ముందే కూర్చున్న మనిషి ఉప్పు చూడడానికి పక్కింటివాళ్ళను పిలవడమేమిటో మంజులతకు అర్థం కాలేదు. ఇంకొకటి కూడా గమనించింది. బిక్షమ్మ కాయలను పళ్ళెంలో వేసి తన వైపు జరుపుతోంది తప్ప పిల్లకు ఇవ్వడం లేదు.

"నేను పెట్టను. నువ్వు పెట్టు," అంది బిక్షమ్మ.

మంజులత తల వంచుకుంది.

మొదటి రోజు భాగ్యశ్రీ రెండు చేతులతో నోరు మూసుకుంది. మిక్సీ తిరిగింది. రెండో రోజు బిక్షమ్మ ఒక లేతకాయ కొనను నొక్కి, అందులోంచి కారే ఉప్పునీళ్ళను ఎలా జుర్రుకోవాలో పిల్లకు చూపించమంది. మంజులత చూపించింది. పిల్లకు ఆ నీళ్ళు నచ్చాయి. ఆ రోజంతా నీళ్ళే జుర్రింది. నాలుగో రోజు గింజలను అరచేతిలో నలిపి ఆడుకుంది. ఆరో రోజు అలా నలిపినదాన్ని తానే నాకింది. అరచేతిలో ఏమీ మిగల్లేదు. మంజులత నోట్‌బుక్కులో ఆ మాట రాసి కింద రెండు గీతలు గీసింది.

ఎనిమిదో రోజు బిక్షమ్మ కూలి నుంచి రావడం ఆలస్యమైంది. ఆమె ఎవరితోనో కాయలు పంపింది. మంజులత తానే కడిగి, లేతవి ఏరి, పొయ్యి మీద పెట్టి, సరిగ్గా నలభై నిమిషాలకు దించింది. వేలితో నొక్కి చూడలేదు. నోట్‌బుక్కులో నలభై అని ఉంది కదా! పిల్ల ధైర్యంగా, మొదటిసారి నలపకుండానే, గింజను నోట్లో వేసుకుంది. అది నలగలేదు. పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. ఉమ్మేసి, ఒళ్ళంతా వణుకుతూ ఏడ్చింది. ఆ సాయంత్రం మిక్సీ అన్నానికి కూడా నోరు తెరవలేదు.

బిక్షమ్మ వచ్చేసరికి మంజులత బట్టలు సర్దుతోంది.

బిక్షమ్మ గంజులోంచి ఒక కాయ తీసి నొక్కి చూసింది. "గిది వేరే చేను కాయ. నీళ్ళు తక్కువైన చేను. దీనికి గంట గావాలె. గడియారం జూసి దించొద్దు బిడ్డా, కాయ జూసి దించాలె."

"తప్పు నాదే అత్తమ్మా. వారం రోజులది ఒక్క నిమిషంల పాయె. పొద్దున బస్సుకు పోతం."

"నేను చేసిన ఒక్క తప్పుకు మూడేండ్లు దూరముంటిని. నీ ఒక్క తప్పుకు నువ్వుగూడ బస్సెక్కితె, ఇగ పోరి కాడ ఎవరుంటరు?"

అప్పటికే ఏడుపు విని వచ్చి గుమ్మంలో నిలబడ్డ నాగరాణి ఊరుకోలేకపోయింది.

"నీకు తెల్వదక్కా. ఆ దినం నుంచి పెద్దమ్మ పల్లి నోట్లె వెయ్యలె. పొద్దంత పల్లిచేన్లనే ఉంటది, అందరు బుక్కుతుంటె చూస్తది. పోరి నమిలి తిన్ననాడే తింటనని ఒట్టు వెట్టుకున్నది. నన్ను ఉప్పు చూడమనేది ఇంకెందుకనుకుంటున్నవు?"

"నీ నోరు పడ! పో, నీ కూర మాడుతుండొచ్చు," అని కసిరింది బిక్షమ్మ.

మంజులత సంచిలోంచి బట్టలు ఒక్కొక్కటిగా తీసి దండెం మీద వేసింది. ఇంకా ఏడు రోజులున్నాయి. "రేపు పొద్దున ఎన్నింటికి పోతరత్తమ్మా? నేను గూడ వస్త. ఏది ఏ చేను కాయో నాకు తెలువాలె."

మర్నాటి నుంచి ఆమె కూడా చేలోకి నడిచింది. నడుము పట్టేసింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఏ సాలులో కాయ లేతగా ఉందో, ఏ సాలు ముదిరిందో వేళ్ళకు తెలియసాగింది. నోట్‌బుక్కులో నిమిషాల పక్కన చేను పేరు కూడా చేరింది. పిల్ల మళ్ళీ మొదటికొచ్చింది. ఉప్పునీళ్ళ నుంచి మొదలుపెట్టారు. దగ్గరి చేలు అయిపోతే, ఆలస్యంగా విత్తిన చేను ఒకటి రెండు మైళ్ళ దూరంలో ఉందని బిక్షమ్మ అక్కడిదాకా పోయి గంపతో తిరిగొచ్చింది.

పద్నాలుగో రోజు పొద్దు వాలుతుండగా ముగ్గురూ వాకిట్లో పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. భాగ్యశ్రీ నిటారుగా కూర్చుంది. నోట్లో ఉన్నప్పుడు నవ్వొద్దు, మాట్లాడొద్దు అన్నది ఆ పళ్ళెం దగ్గర చట్టం. పిల్ల ఒక కాయ తీసుకుంది. నీళ్ళు జుర్రుకుంది. ఒలిచింది. గింజను వేళ్ళతో నలపబోయి, ఆగి, అవ్వ మొహం వైపు చూసి, అలాగే నోట్లో వేసుకుంది.

మంజులత చేతులు వాటంతట అవే లేవబోతే మోకాళ్ళ కింద పెట్టుకుంది. పిల్ల దవడ ఒకసారి కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ఇటు, అటు. మంజులత లోపల్లోపల లెక్కపెట్టింది. పదకొండుసార్లు. మింగి, నోరు తెరిచి నాలుక బయటపెట్టి చూపించింది భాగ్యశ్రీ.

"ఇంకోటి," అంది.

రెండోదీ నమిలింది. మూడోది ఒలుస్తుండగా మంజులత తానూ ఒక కాయ ఒలిచి, గింజను అత్త నోటి దగ్గర పెట్టింది.

"ఉప్పు చూడున్రి అత్తమ్మా."

బిక్షమ్మ ఆ చేతిని చూసింది. తర్వాత నోరు తెరిచింది. కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది. నమలడం అయ్యాక ఒక్కసారి కళ్ళు తెరిచింది.

"థూ! ఏందే గిది! గిన్నిదినాలు గీ చప్పిడి కాయనా పోరికి వెట్టింది? తింటలేదు తింటలేదంటివి, గిది తిన్నదే గొప్ప!"

"నాగరాణి రోజు మంచిగున్నదనే చెప్పె గదా!"

"దానికేమెరుక ఉప్పు! దాని మొగడు కూరల ఉప్పు తక్కువైందంటె ఇంట్ల యుద్ధమైతదని ఎప్పుడు మంచిగున్నదనే అంటడు. అదే మాట అది నేర్సింది."

గోడ అవతలి నుంచి నాగరాణి గొంతు లేచింది. "నాకు ఇనవడుతున్నది పెద్దమ్మా!"

"ఇననీకే అన్న!" అంటూ బిక్షమ్మ గంజులో మిగిలిన కాయలకని ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టింది. మంజులత ఆ మణికట్టు పట్టుకుని చెంచా అందించింది.

"సగం చెంచా. అంతే."

"ఒకటి."

"సగం అత్తమ్మా. పిల్లకు మంచిది కాదు."

వాళ్ళు చెంచాను అలా పట్టుకునే ఉన్నారు. భాగ్యశ్రీ పళ్ళెం తన వైపుకు లాక్కుంది.