దేవమ్మ ఉతికిన మాస్కు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక షెడ్డులో సామ్యేలు మిషను పట్టి రాళ్లకు నునుపు పెడతాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లబడి ఉంటాయి. పెళ్లయిన మర్నాటి నుంచీ ఆ దుమ్ముతో అతని భార్య దేవమ్మకు తగువే. అతని చొక్కాలను బండకేసి ఎంత బాదేదంటే, ఆమెను చూస్తేనే గుండీలు ఊడిపోతాయని సామ్యేలు ఎగతాళి చేసేవాడు. శుభ్రం విషయంలో దేవమ్మకు వంక పెట్టడం ఎవరి తరమూ కాదు.

నిరుడు అతనికి దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా పోదు. దేవమ్మ బెంగపడి మెడికల్ షాపు నుంచి గట్టి మాస్కు, ఆ ఎన్ నైంటీఫైవ్, కొనుక్కొచ్చింది. కరోనా రోజుల్లో గుడ్డ మాస్కులు రోజూ ఉతకమని టీవీలో చెవులు చిల్లులు పడేలా చెప్పారు కదా! దీన్నీ అలాగే సబ్బు పెట్టి, వేడినీళ్లలో ముంచి, తీగ మీద ఆరేసేది.

మాస్కు అంత తెల్లగా ఉన్నా దగ్గు తగ్గదేం? షాపాయన్ని అడిగితే ఒక్కరోజు వాడి పారెయ్యమన్నాడు. చర్చిలో పక్కన కూర్చునే ఫెబా, కాగితం సంచిలో ఆరబెట్టి మార్చి మార్చి వాడొచ్చంది. షెడ్డులో వాళ్లు తెగిపోయేదాకా ఢోకా లేదన్నారు. తలా ఒక మాట. దేవమ్మ బుర్ర గానుగెద్దులా తిరిగింది. చివరికి మొగుణ్ణి బస్సెక్కించి నంద్యాల తీసుకెళ్లింది.

ఎక్స్‌రే చూసిన డాక్టరమ్మ, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందని చెప్పి, మాస్కు పెట్టుకుంటున్నాడా అని అడిగింది. దేవమ్మ సంచిలోంచి తీసి గర్వంగా చూపించింది.

"దినామూ ఉతికి ఇస్తాండా మేడం. ఒక్క మరక చూపియ్యండి."

"ఇది ఉతక్కూడదమ్మా. ఉతికితే దుమ్మును పట్టే గుణం పోతుంది. పైకి తెల్లగానే ఉంటుంది, లోపల జల్లెడే."

"అంటే మాసిందే మేలా?"

"బాగా మాసినా, తడిసినా, చిరిగినా పారెయ్యాల్సిందే. ఉతకడం మాత్రం వద్దు."

"మరి ఎన్ని దినాలకు మార్చాల?"

"రాతిపనిలో ఇన్ని రోజులని చెప్పలేం. ఊపిరి పీల్చడం బరువైతే వెంటనే మార్చెయ్యండి."

తిరుగు బస్సులో దేవమ్మ ఆ మాస్కును వెలుతురుకు పట్టి చూసింది. చేతులారా తానే అతని ఊపిరి చెడగొట్టిందా?

"దుమ్ము లోపలికి వస్తాండేది నీకు తెలీలేదాప్పా?"

"తెలుస్తానే ఉన్నింది."

"మరి చెప్పలేదేందీ?"

"నువ్వు అంత బాగా ఉతికి ఇస్తాంటివి. ఏమని చెప్పేది?"

దేవమ్మకు అతన్ని కొట్టాలనిపించింది, ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేక కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున కొత్త మాస్కు తనే తగిలించి, గడప దాటకముందే అతన్ని ఆపింది.

"గాలి పీల్చు. ఎట్లుండాది?"

"బరువుగా ఉండాది."

అది చెడ్డ మాస్కేమోనని లాగేసి ఇంకోటి తగిలించింది.

"ఇది?"

"ఇదీ అంతే మే."

దేవమ్మ మూడోదాని కవరు చించబోయింది. సామ్యేలు ఆమె చేయి పట్టుకుని ఆపాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఉత్త గాలి గట్టిగా పీల్చి చూశాడు.

"తీసేసినా అట్లే ఉండాది," అన్నాడు.

ఇక దేన్ని మార్చాలో దేవమ్మకు తెలియలేదు.