నోవహు గారి టైమింగ్ బెల్టు

నోవహు గారికి ఒరిజినల్ కానిదేదీ పనికిరాదు. మారేడ్‌పల్లిలో మా పక్కింట్లోనే ఉంటారు. ఆయన పాత కారులో ఏది అరిగినా, కొత్తది కంపెనీ డబ్బాలో కంపెనీ సీలుతో వస్తేనే ఇంజిన్ దగ్గరికి రానిస్తారు. మిగతా స్పేర్లన్నిటికీ ఆయన పెట్టిన పేరు ఒక్కటే, డూప్లికేటు. రాణీగంజ్ స్పేర్ల బజారుకి వెళ్తే ఆయిల్ ఫిల్టర్‌ని వెలుతురుకి పట్టి చూస్తారు, వాసన చూస్తారు, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతారు. చివరికి కొట్టు అతన్నే అడుగుతారు.

"ఒరిజినలేనా?"

"ఒరిజినలే సార్."

"మరి నవ్వుతావెందుకు?"

ఈ పట్టింపు కారుతో ఆగలేదు. మోకాలిచిప్ప మార్చాలని డాక్టర్ అంటే, "పుట్టినప్పుడు వచ్చిన కంపెనీదే దొరుకుద్దా?" అని అడిగారు.

"అది దొరకదండీ."

"అయితే ఉన్నదాంతోనే నడుస్తాను" అని కుంటుకుంటూ వచ్చేశారు. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా వెలుతురుకి పట్టి చూశారు" అంటారు ఆయన భార్య దేవకృప గారు.

నిరుడు ఆయన కారు టైమింగ్ బెల్టు పగుళ్లిచ్చింది. ఆ మోడల్ తయారీని కంపెనీ ఎప్పుడో మానేసింది. తిరుమలగిరి మెకానిక్ రాఘవేందర్ బయటి కంపెనీ బెల్టు చూపించాడు.

"ఇది సుత మంచిదే సార్. శానామంది ఏపిస్తున్నరు."

"చాలామంది అబద్ధాలు కూడా ఆడుతున్నారు."

కారు అతని షెడ్డులోనే ఉండిపోయింది. నోవహు గారు ఊరూరికీ ఫోన్లు చేశారు, వర్షాకాలమంతా ఆ మోకాలితో బస్సులెక్కారు. చివరికి ఎక్కడో ఓ మూసేసిన కొట్టు గోడౌన్‌లో దొరికిన బెల్టు, సీలు చెదరకుండా వచ్చింది. డబ్బాని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆటోలో బయలుదేరారు.

షెడ్డులో స్వర్ణలత వ్యాను ఉంది. ఆమె మల్కాజ్‌గిరిలో బడిపిల్లల్ని తిప్పుతుంది. ఆ వ్యానుకీ ఈయన కారుకీ ఒకటే ఇంజిన్, ఒకటే బెల్టు. దానిదీ తెగేలా ఉంది.

"డూప్లికేటే ఎయ్యన్నా. దసరా సెలవులు అయిపోయి సోమవారం బడులు తెరుస్తరు. బండి లేకుంటే పిల్లల్ని ఇంకో వ్యాన్ల ఎక్కిస్తరు. మళ్ల నాకు రారు" అంటోంది ఆమె రాఘవేందర్‌తో.

నోవహు గారు ఊరుకోలేకపోయారు. "నడిరోడ్డు మీద తెగితే వాల్వులు వంగిపోతాయమ్మా. ఇంజినే పోద్ది. వెనకాలేమో నిండా పిల్లలు."

"ఏం జెయ్యాలె అంకుల్? నా దగ్గర డూప్లికేట్‌కే పైసలున్నయి."

"ఇదిగో, నాది వేయించుకో."

"పైసల్ దీస్కోకుండ ఊకె ఇస్తే ఎవ్వరి దగ్గర తీస్కోను."

ఇంతలో ఫోన్ మోగి ఆమె బయటికి నడిచింది. నోవహు గారు గబగబా సీలు చింపారు. బెల్టు మీది కంపెనీ అక్షరాలను గోటితో గీకి గీకి చెరిపారు. దాన్ని, ఆమె వ్యానుకని రాఘవేందర్ తీసిపెట్టిన డూప్లికేట్ డబ్బాలో పెట్టి, అందులోని బెల్టుని తన డబ్బాలో కుక్కారు. డూప్లికేటుకి ఒరిజినల్ డబ్బా తొడిగేవాళ్లు బజారులో ఉంటారని ఆయనే నాకు చెప్పారు. ఒరిజినల్‌కి డూప్లికేట్ డబ్బా తొడిగిన మనిషిని చూడటం మాత్రం నాకు అదే మొదలు.

"మరి మీ కారుకు సార్?" అన్నాడు రాఘవేందర్.

"ఆ దరిద్రమే వెయ్యి" అన్నారు, చేదుమందు మింగేవాడిలా కళ్లు మూసుకుని.

ఏడాది దాటింది. ఆయన కారు వీధి మలుపు తిరగకముందే బెల్టు కూత వినిపిస్తుంది. స్వర్ణలత ఎదురైనప్పుడల్లా వ్యాను ఆపుతుంది. కారులో నోవహు గారి పక్క సీట్లో నేను కిటికీ వైపు తిరుగుతాను.

"చూసిన్రా అంకుల్ నా డూప్లికేటు? ఒక్క చప్పుడు లేదు. ఒరిజినల్, ఒరిజినల్ అని మీరు గంత పరేషానైతిరి. మీదేమో గిట్ల ఒర్రుతున్నది."

నోవహు గారు స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటారు. వ్యానులో ఒకరినొకరు తోసుకుంటున్న పిల్లల వైపు చూస్తారు.

"నిజమేనమ్మా. ఈసారి నేనూ అదే వేయిస్తాను."

"నా పేరు చెప్పుర్రి. రాఘవన్న మంచి డూప్లికేట్ ఇస్తడు."

"ఒరిజినలేనా?" అని అలవాటుకొద్దీ అనేసి, నాలుక కరుచుకుంటారు నోవహు గారు.