పిల్లలెంతమంది?

కుల్పాష్ మంగోలియా నుంచి కజకిస్థాన్ వచ్చి పదకొండు రోజులైంది. చిరునామా నమోదు చేయించుకుంటేనే పన్నెండంకెల పౌరసంఖ్య ఇస్తారని, యెర్జాత్ ఆమెను సెమెయ్‌ ఊళ్లోని ఆఫీసుకు వెంటబెట్టుకొచ్చాడు.

"ఈయన మీకేమవుతారు?" కౌంటర్లోని అమ్మాయి అడిగింది.

"మరిది," అంది కుల్పాష్.

"పోలికలు చూసి కొడుకనుకున్నానండి."

కొడుకే. తొలిచూలు బిడ్డ తాత నాయనమ్మల సొత్తన్నది కజకుల ఆనవాయితీ. నలభయ్యో రోజున కుల్పాష్ ఆ పసివాణ్ణి అత్తగారి ఒడిలో పెట్టింది. కాగితాల్లోనూ వాడు అత్తగారి కొడుకే అయ్యాడు, కన్నతల్లిని వదినా అని పిలుస్తూ పెరిగాడు. ఆ తర్వాత ఆమె కడుపు మళ్లీ పండలేదు. పోయిన చలికాలం అత్తగారు కన్నుమూసింది. ఇకనైనా వాడి నోట అమ్మా అన్న మాట వినొచ్చని ఆశపడే కొండలు దాటి వాడుంటున్న ఊరికి వచ్చింది.

"పిల్లలెంతమంది?"

కుల్పాష్ వాడి వైపు చూసింది.

"లేరండి," అన్నాడు యెర్జాత్ నేల చూపులు చూస్తూ. "మా వదినకి పిల్లల్లేరు."

అమ్మాయి అదే కంప్యూటర్లో కొట్టింది. కాసేపటికి నంబరున్న కాగితం చేతికొచ్చింది. బయట మెట్ల మీద వాడు ఆగిపోయాడు.

"రికార్డుల్లో అలాగే ఉంది కదా వదినా. వేరేగా చెబితే మళ్లీ మళ్లీ తిప్పుతారు."

"తప్పేముంది, ఉన్నదే చెప్పావు." కుల్పాష్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు లోపల దోపుకుంది. "పద మరిదీ, ఇంటికెళదాం."