కుంకుమ బొట్టు పెట్టిన పెయింట్‌బాల్ తుపాకి

2007లో దసరా వెళ్లిన వారం, మదనపల్లెలో జరిగిన పెయింట్‌బాల్ పోటీలకు నన్ను పరికరాల మార్షల్‌గా వేశారు. అప్పుడు నేను అక్కడే ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ని. రంగు నింపిన గోళీలను గ్యాస్ తుపాకితో పేల్చి ఎదుటివాడికి రంగు అంటించే ఆట అది. రంగు పడినవాడు బయటికి పోవాలి. ఆట నడిపేది చీఫ్ మార్షల్. తుపాకుల తనిఖీ నాది. నా మాట కటువని పేరు, అందుకే ఈ పని నాకు అంటగట్టారేమో!

ముందు ప్రతి తుపాకినీ క్రోనో అనే వేగం కొలిచే యంత్రం ఎదుట పేల్చి చూస్తాం. సెకనుకు మూడు వందల అడుగులు దాటితే మైదానంలోకి రానివ్వం, దెబ్బ గట్టిగా తగులుతుంది. ఇక ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క గోళీయే రావాలి. కొందరు ఘనులు లోపలి స్ప్రింగు మార్చి, కొక్కెం అరగదీసి, గోళీలు వరసగా వచ్చేలా చేస్తారు. తుపాకి అలా పేలితే ఆటగాడు ఆ ఆటకు బయటే. కావాలని చేశాడని తేలితే జట్టు మొత్తానికి నిషేధం.

ఫైనల్లో కుప్పం, పుంగనూరు తలపడ్డాయి. పుంగనూరు కెప్టెన్ గంగులప్ప నూనె గానుగ ఇంటివాడు. బొమ్మ తుపాకుల ఆటేమిటని ఊరంతా నవ్వినా, ఇంటింటికీ తిరిగి జట్టు కూడగట్టాడు. నిషేధం పడితే ఆ జట్టు మళ్లీ లేవదు.

ఆట మధ్యలో అతని తుపాకి ఒక్క నొక్కుకు బరబరా పేలింది. నేను విజిల్ వేశాను. కుప్పం కెప్టెన్ మునెప్ప పరిగెత్తుకొచ్చాడు.

“ఇది మోసం కాకుంటే ఏంది సార్? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటాండాడు సూడండి!”

“యాల సార్ నన్ను దొంగంటాడు? దాన్ని నేను ఇప్పనే లేదు!” అన్నాడు గంగులప్ప. మొహం కందిపోయింది.

చీఫ్ మార్షల్ అప్పటికే నిషేధం అంటున్నాడు. ముందు తుపాకి విప్పుదాం, నోళ్లు తర్వాత విప్పుకోవచ్చన్నాను. ఇద్దరు కెప్టెన్ల ఎదుటే బల్ల మీద విప్పాను.

గోళీ పేలాక వెనక్కి వచ్చే సుత్తిని ట్రిగ్గర్ కొక్కెం పట్టి ఆపాలి. పట్టకపోతే పేలుతూనే ఉంటుంది. స్ప్రింగు కంపెనీదే, కొక్కెం అరగలేదు. కానీ దాని చుట్టూ ఎర్రటి జిగట. వాసన చూస్తే వేరుశనగ నూనె! ఇదేమిటయ్యా అని అడిగాను.

“ఆయుధపూజ సేసినాము సార్,” అన్నాడు గంగులప్ప. “గానుగకి, ట్రాక్టరుకి సేసినట్టే. కుంకం పెట్టి, బాగా తిరగల్లని లోపలికి ఇంత సెనక్కాయ నూనె వదిలినాము.”

నవ్వొచ్చింది, పాపం అనీ అనిపించింది. ఉదయం తనిఖీలో ఒక్కొక్కటిగా నిదానంగా పేల్చాం కాబట్టి కొక్కెం పట్టింది. ఆటలో గబగబా నొక్కేసరికి చిక్కబడ్డ నూనెలో ఇరుక్కుంది.

మునెప్ప కూడా వంగి వాసన చూశాడు. “మేమూ పూజ సేసినాం సార్. పైన బొట్టు పెట్టినాం, అంతే,” అని, అతని వైపు తిరిగాడు. “దొంగన్నది నాదే తప్పు గంగులప్పా. మనసులో పెట్టుకోవద్దప్పా.”

నిషేధం లేదని చీఫ్ మార్షల్ ఒప్పుకున్నాడు. కానీ ఆ ఆటకు గంగులప్ప బయటే అన్నాను. తుడిచేస్తానని బతిమాలాడు. నాకూ మనసొప్పలేదు, అయినా కుదరదన్నాను. ఒక మనిషి తక్కువై పుంగనూరు ఓడిపోయింది. అతను గీత బయట కూర్చుని, తువ్వాలుతో తుపాకి తుడుస్తూ అంతా చూశాడు.

తుపాకి చేసిన తప్పుకు శిక్ష వేయడానికి చెవులు చాలు. మనిషి తప్పు చేశాడనాలంటే మాత్రం విప్పి చూడాలి. నా ఉద్యోగంలో తర్వాత ఏ గొడవ వచ్చినా ఈ వరసే పాటించాను.

మరుసటి దసరా తర్వాత కుప్పంలో పోటీలు. పుంగనూరు జట్టు వచ్చింది. గంగులప్ప తుపాకి తనే విప్పి నా ముందు పెట్టాడు. పైన కుంకుమ బొట్టు ఉంది, లోపల శుభ్రంగా ఉంది. ఆడుకోమన్నాను.