నూకాలు ముక్కు మీది పుండు, రాజమండ్రి ప్రయాణం

మా తోటికోడలు నూకాలు ముక్కు మీద పుండు నెలలు గడిచినా మానకపోవడంతో ఈ ప్రయాణం పడింది. మేమిద్దరం నరసాపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఇసుక మీద చేపలు ఎండేస్తాం. పొద్దున పరిచి, మధ్యాహ్నం తిరగేసి, సాయంత్రం పోగు చేయాలి. అక్కడ గొడుగు వేయనివ్వరు. చేప మీద గొడుగు నీడ పడితే సరుకు చెడుతుందని మావాళ్ళ నమ్మకం. టమాటాలు తింటే ఎండ చర్మాన్ని ఏమీ చేయదని ఎవరో ఫోనులో చూపించారట. నూకాలు పూటపూటా టమాటా పచ్చడి తింటూ డాక్టరు మాట దాటేసింది. పుండు అంచులు గట్టిపడి రక్తం కారడం మొదలయ్యాక నేనే బయలుదేరదీశాను.

తెల్లవారకముందే నరసాపురంలో రైలెక్కాం. యాభై దాటాక చదువు నేర్చుకున్నదాన్ని, స్టేషను బోర్డులన్నీ పైకి చదువుతూ కూర్చున్నాను. పాలకొల్లులో ఎక్కినావిడ రిటైరైన టీచరట. నూకాలు ముఖం చూసి తన డబ్బాలోని క్యారెట్ ముక్కలు చూపించింది.

"ఇవి తినండి, బొప్పాయి తినండి. నాకు అరవై దాటాయంటే ఎవరూ నమ్మరండీ."

"మీరు ఎండలో ఏం పని చేసేవారండీ?" అంది నూకాలు.

ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. తణుకులో దిగిపోయింది.

నిడదవోలులో ఇడ్లీ తిన్నాం. గోదావరి వంతెన మీద నూకాలు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. రాజమండ్రి స్టేషను నుంచి ఆసుపత్రికి ఆటోలో వెళ్ళాం. మీరెవరైనా వెళ్తే తొమ్మిదిలోపే చీటీ రాయించుకోండి. ఆలస్యమైతే చర్మ రోగుల వరస వరండా దాటి బయటికి వస్తుంది. మేము ఎండలోనే నిలబడ్డాం.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పుండును భూతద్దంతో చాలాసేపు చూసింది.

"టమాటాలు తింటన్నానండి," అంది నూకాలు, పాఠం అప్పజెప్పినట్టు.

"మంచిదేనమ్మా. వండిన టమాటా, క్యారెట్, ఆకుకూరలు, చేపలు చర్మానికి కొంత సాయం చేయొచ్చు. కానీ వచ్చిన పుండును అవి మాన్పవు. నువ్వు నీడలో ఉండాలి."

"చేపలా!" నూకాలు పగలబడి నవ్వింది. "ఆటిని ఎండేసేకదండీ నా ముక్కు ఇలాగయ్యింది!"

డాక్టరమ్మ నవ్వలేదు. క్యాన్సరు కావచ్చు, కాకపోనూ వచ్చు అంది. మత్తు సూదిచ్చి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వచ్చే మంగళవారం తప్పకుండా రమ్మని, అదైతే ఆలస్యం చేసేకొద్దీ ముక్కుకే ముప్పు అని నాకు విడిగా చెప్పింది. నేను దాచకుండా నూకాలుకు చెప్పేశాను.

మూడు దాటాక తిరుగు రైలెక్కాం. ముక్కు మీద కట్టుతోనే నూకాలు మా షావుకారుకి ఫోను చేసింది. చేపలకు ఉప్పు పట్టించే పాకలో పని ఇప్పించమని అడిగింది. ఆ పాకకు తాటాకు కప్పుంది.

"పాకలో పని మగోళ్ళదమ్మా," అన్నాడాయన. ఆ గొంతు పక్క సీట్లకు కూడా వినపడింది. "ఎండకి టమాటాలు మంచియ్యంట. మా ఆవిడ కూడా తింటది. రేపు సరుకు ఎక్కువొస్తది, తొందరగా వచ్చెయ్."

నూకాలు ఫోను జాకెట్లో పెట్టుకుంది.

ఆ డాక్టరమ్మ మంచిది. చెప్పిన తిండీ మంచిదే, దొరికినవాళ్ళు తినండి. నేను చూసినంతలో ఆ సలహాలన్నీ కప్పు కింద కూర్చున్నవాళ్ళకు బాగా పనికొస్తాయి.

"మంగళవారం ఇదే బండికి పోదాం," అన్నాను.

"మబ్బేస్తే వస్తానక్కా. ఎండ కాసిందంటే పనికి పోవాలి కదా."

కిటికీలోంచి చూశాను. కోసిన వరిచేల మీద సాయంత్రపు ఎండ ఇంకా చురుగ్గానే ఉంది. సముద్రం వైపు ఎంత దూరం చూసినా ఒక్క మబ్బు తునక లేదు.