అరవై నాలుగో పానా

యార్డులో అతన్ని పేరు పెట్టి పిలిచేది ఒక్క జీతాల గుమాస్తాయే. మిగతా అందరికీ అతను పానా మేస్త్రీ. జలాంతర్గాములను నీళ్ళు తోడేసిన డాకులో నిలబెట్టి మరమ్మతు చేసే ఆ యార్డులో ముప్ఫై ఒక్క ఏళ్ళు నట్లు బిగించాడు, బిగించడం నేర్పాడు. కళ్ళు మూసుకుని పానా చేతికిస్తే ఏ సైజో చెప్పేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తాను మంచివాడినన్న సంగతి కాస్త ఎక్కువగా తెలిసిన మంచివాడు. అలాంటివాళ్ళ కింద పనిచెయ్యడమంటే రోజూ పరీక్ష రాసినట్టే.

జలాంతర్గామిలో టార్పెడోలుంటాయి, క్షిపణులుంటాయి. వాటి గురించి పేపర్లవాళ్ళు బొమ్మలేసి మరీ రాస్తారు. కానీ దాని అసలు ఆయుధం చప్పుడు చెయ్యకపోవడం. పైన తిరిగే యుద్ధనౌక కనబడి భయపెడుతుంది. ఇది వినబడకుండా భయపెట్టాలి. వినబడిందా, దాని పని సరి. నీళ్ళలో చప్పుడు ఎంత దూరమైనా పోతుంది, అవతలివాళ్ళ నౌకలు ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించుకుని తిరుగుతుంటాయి.

దానికి రెండు ఒళ్ళుంటాయి. లోపలిది మందపాటి ఉక్కు, మనుషులుండేది అందులో. దాని పైన పలచటి రేకు తొడుగు. రెంటికీ మధ్య సందులో పైపులూ గాలి సిలిండర్లూ ఉంటాయి, సముద్రం అందులోకి ధారాళంగా వచ్చిపోతుంటుంది. ఆ సందులో ఏదైనా వదులుగా ఉండిపోతే లోపలివాళ్ళు చెయ్యి చాపి తీసుకోవడానికి లేదు. ప్రయాణం ముగిసేదాకా అది కొట్టుకుంటూనే ఉంటుంది.

అందుకే మేస్త్రీ తన షాపు గోడకి ఒక పెద్ద పలక పెట్టించాడు. అరవై నాలుగు పనిముట్లు. ఒక్కోదాని ఆకారం ఎర్రరంగుతో పలకమీద గీయించి, ఒక్కోదానిమీదా నంబరు కొట్టించాడు. పలక నిండితేనే తొడుగు మూయాలి. నిండిందని మేస్త్రీ సంతకం పెట్టాలి. ఆరేళ్ళ కిందట ఒక ఫిట్టరు స్క్రూడ్రైవరు కనబడలేదన్నాడు. మేస్త్రీ రెండు రోజులు పని ఆపించి, మూసిన తొడుగు ప్లేట్లు కోయించి, ఇల్లంతా తిరగేసినట్టు వెతికించాడు. చివరికది ఆ ఫిట్టరు టిఫిన్ డబ్బా సంచిలోనే దొరికింది. అందరూ నవ్వారు, మేస్త్రీ నవ్వలేదు. ఫిట్టరు ఉద్యోగం పోయింది. అతని భార్య వచ్చి కాళ్ళావేళ్ళా పడితే, "తల్లీ, ఇవాళ స్క్రూడ్రైవరు, రేపు యాభై మంది ప్రాణాలు. నేనేం చెయ్యను?" అన్నాడు. అతను చెప్పిందాంట్లో తప్పులేదు. అక్కడే వచ్చింది చిక్కు. ఆరోజు తప్పు చెప్పుంటే తరవాత తానూ తప్పు ఒప్పుకోవడం కాస్త తేలికయ్యేది.

ఇంట్లో అతనూ, విధవరాలైన చెల్లెలూ, ఆమె కొడుకూ. మేస్త్రీ భార్య కాపురానికొచ్చిన మూడో ఏటనే పోయింది, పిల్లల్లేరు. చెల్లెలు నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చినప్పుడు, "వచ్చావుగా, ఇంక ఎక్కడికీ పోకు" అన్నాడు, అంతే. మేనల్లుణ్ణి తానే బడిలో వేశాడు, తానే ఈత నేర్పాడు, నౌకాదళంలో చేరే కాగితం తానే తెచ్చిచ్చాడు. చెల్లెలు నెల్లాళ్ళు మాట్లాడలేదు. "సముద్రం పాలు చేస్తావా నా కొడుకుని?" అంది. "నేను బిగించిన నట్లమధ్య కూర్చుంటాడే! మనింట్లో కన్నా భద్రంగా ఉంటాడు" అన్నాడు అన్న. మేనల్లుడు జలాంతర్గామిలో సోనార్ దగ్గర, అంటే నీటి చప్పుళ్ళు వినే గదిలో, వినేవాడయ్యాడు. ఆరడుగుల మనిషి, ఇంట్లో మాత్రం బుడ్డోడే.

ఆ ఏడు సరిహద్దు నీళ్ళలో గొడవ ముదిరింది. బుడ్డోడు పనిచేసే జలాంతర్గామే డాకులో ఉంది. రెండు నెలల మరమ్మతు నాలుగు వారాల్లో ముగించమని పైనుంచి ఒత్తిడి. పగలంతా పని, తిండికి కూడా వంతులు. ముందువైపు తొడుగు సందులో పైపును పట్టి ఉంచే క్లాంపు ఒకటి ఎవరి చేతికీ అందడంలేదంటే, యాభై ఏడేళ్ళ మేస్త్రీ, "తప్పుకోండ్రా, మీ చేతులు చేతులు కావు" అని తానే దూరాడు. పానా జారిపోకుండా మణికట్టుకి తాడు కట్టుకోవాలని రూలు. ఆ రూలు పెట్టిందీ అతనే. తాడు మాటిమాటికీ క్లాంపులో చిక్కుకుంటోందని విప్పేశాడు. ఆఖరి నట్టు ఆఖరి తిప్పులో పానా జారింది. సిలిండర్ల వెనక ఎక్కడో ఖణేల్ మంది. ఆ తరవాత మరి వినబడలేదు.

గంటసేపు బొక్కబోర్లా పడుకుని తడిమాడు. వేళ్ళ తోలు ఊడింది. కిందికి దిగి డాకు నేలంతా వెతికాడు, నీళ్ళు పోయే రంధ్రాల్లోంచి ఏమైనా పడిందేమోనని. లేదు. దాన్ని తియ్యాలంటే రెండు ప్లేట్లు కోయాలి, రెండు రోజులు పడుతుంది. పడితే పడనీ, అది కాదతని బెంగ. "పానా మేస్త్రీ పానా పోగొట్టాడట" అన్న మాట క్యాంటీను దాటి గేటు దాటి, టిఫిన్ సంచిలో స్క్రూడ్రైవరు దొరికిన ఫిట్టరింటిదాకా పోతుంది. 

కిందపడే ఉంటుంది, ఊడ్చేవాళ్ళెవరో పట్టుకుపోయి ఉంటారు అనుకున్నాడు. అనుకోవడమేమిటి, తనకు తానే చెప్పి ఒప్పించుకున్నాడు. భోజనం వేళ బయటికెళ్ళి ఇనుప సామాన్ల కొట్లో అచ్చం అలాంటిదే కొన్నాడు. షాపులో ఎవరూ లేనప్పుడు దానిమీద అరవై నాలుగు అని అంకె కొట్టాడు, గరుకు కాగితంతో రుద్దాడు, గ్రీజు పూసి పాతదానిలా చేశాడు. పలక నిండింది. తొడుగు మూశారు. కాగితం మీద ఎప్పటిలాగే సంతకం పెట్టాడు. 

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం బుడ్డోడు భోజనానికి ఇంటికొచ్చాడు. తిన్నాక మామయ్యను పెరట్లోకి పిలిచాడు. చెల్లెలు వంటగదిలో గిన్నెలు సర్దుతోంది, కిటికీలోంచి ఇద్దరూ కనబడుతున్నారు.

"మామయ్యా, నిన్న రేవు బయట తిప్పి చూశారు గదా. ముందువైపు ఏదో టక్కుమంటోంది. నిదానంగా పోతే ఏం లేదు. ఎనిమిది నాట్ల వేగం దాటామంటే మొదలు."

మేస్త్రీ వంటగది కిటికీ వైపు ఒకసారి చూశాడు. 

"ఇంకెవరికైనా వినబడిందా?"

"నాకే. నాతో డ్యూటీ చేసే ఆయన పంపు చప్పుడంటాడు. రిపోర్టు రాద్దామనుకున్నా. రాస్తే బయల్దేరడం ఆగిపోతుంది, అందరూ నన్ను తిట్టుకుంటారు. అయినా నువ్వున్నావు గదా, నిన్నడిగి రాద్దామని ఆగాను."

నోటిదాకా వచ్చింది. ఇదిగో, ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాడు. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"కొత్తగా బిగించిన ప్లేట్లురా. రెండ్రోజులు నీళ్ళలో నానితే అవే సర్దుకుంటాయి."

"అంతేనంటావా?"

"అంతే."

"నువ్వన్నావంటే ఇంక అంతే" అని నవ్వి, బుడ్డోడు లోపలికెళ్ళి అమ్మ జడ లాగి తిట్లు తిని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాటా మేస్త్రీని కుదురుగా కూర్చోనివ్వలేదు. పరువు పోతే పోనీ, ఉద్యోగం పోతే పోనీ అనే దగ్గరికి వచ్చేసరికి తెల్లారింది. ఏడు గంటలకల్లా డాకు అధికారి గది ముందు నిలబడ్డాడు. దారిలోనే చూశాడు, రేవులో చోటు ఖాళీగా ఉంది. ఎనిమిదింటికి బయల్దేరాల్సింది అయిదింటికే పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ అతను ఎదుటివాళ్ళకి చెప్పినవాడే.

"సార్, ముందువైపు తొడుగులో ఒక పానా ఉండిపోయింది" అన్నాడు.

అధికారి వయసులో చిన్నవాడు, మేస్త్రీ అంటే గౌరవం. "ఏ పానా మేస్త్రీ గారూ? లెక్క సరిపోయిందిగా. సంతకం మీదే."

"సరిపోయేలా నేనే చేశాను సార్."

అధికారి లేచి షాపులోకి వెళ్ళి పలకమీంచి అరవై నాలుగు తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. "నంబరుంది. అరిగుంది. ఇది పాతదే."

"మొన్నీమధ్యే కొన్నాను. అరిగేలా చేసింది నేనే."

దొంగపని కూడా ఇంత నాణ్యంగా చెయ్యాలా! నమ్మించడానికి పావుగంట పట్టింది. నమ్మాక అధికారి అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. "నిన్న చెప్పుంటే ఆపేవాళ్ళం. రెండు రోజులు, రెండు ప్లేట్లు. అంతే గదయ్యా!" అన్నాడు. గారూ గీరూ పోయింది.

"వెనక్కి పిలిపించండి సార్."

"లోపలికి మునిగాక అది వింటుంది, బదులు చెప్పదు. చెబితే ఎక్కడుందో లోకానికంతా తెలిసిపోతుంది. మనం కబురు పంపగలం. అందిందో లేదో తిరిగొచ్చేదాకా తెలీదు."

కబురు వెళ్ళింది. వెనక్కి రమ్మని కాదు. ఆ నీళ్ళలో దాని చోట పెట్టడానికి పైవాళ్ళ దగ్గర ఇంకోటి లేదు. ముందువైపు వదులు పనిముట్టు ఉంది, ఎనిమిది నాట్లు దాటవద్దు అని మాత్రమే పంపారు. శత్రువు వెంటపడితే ప్రాణానికి పరుగెత్తాలి. పరుగెత్తితే చప్పుడు. ఈ సంగతి మేస్త్రీకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

యుద్ధం పదకొండు రోజులు జరిగింది. మేస్త్రీ రోజూ పనికెళ్ళాడు. ఒక్కో పూట రేవు గట్టున నిలబడి, అందాలి, ఆ కబురు అందాలి అని కనబడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. బుడ్డోడు తనను నమ్మకపోయినా ఫర్వాలేదు, కబురుని నమ్మితే చాలు. ఇంట్లో చెల్లెలు కొడుకు పక్కబట్టలు ఉతికి ఆరేసి మళ్ళీ వేసింది. "నీకు తెలిసే ఉంటుంది. ఎప్పుడొస్తున్నాడు?" అనేది. "వస్తాడమ్మా" అనేవాడు. మిగతా జలాంతర్గాములు ఒక్కొక్కటీ వచ్చాయి. తుప్పు మరకలతో, అలిసిపోయిన మనుషులతో వచ్చాయి. ఇది రాలేదు. అది బయల్దేరిన ముప్ఫై నాలుగో రోజున ఇద్దరు అధికారులు టోపీలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అంటే దేనికీ వాళ్ళ దగ్గర జవాబు లేదు. చెల్లెలు వాళ్ళకి కుర్చీలు వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలీదు.

విచారణ మూసిన తలుపుల వెనక జరిగింది. మేస్త్రీ ఉన్నదున్నట్టు చెప్పాడు, ఒక్క మాట దాచలేదు. పానా వల్లే పోయిందనడానికి ఆధారం లేదు, కాదనడానికీ లేదు అని రాసుకుని, కాగితాలకు సీలు వేసి, బయట ఎక్కడా నోరెత్తకూడదని సంతకం తీసుకున్నారు. ఆరోగ్యం బాగాలేదని రాయించి ముందుగా పంపించేశారు. జైల్లో వేస్తారనుకున్నాడు, వేస్తే బావుణ్ణనుకున్నాడు. అందరూ వచ్చి ఓదార్చారు. ఉద్యోగం పోయిన ఆ ఫిట్టరు కూడా వచ్చాడు, చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అన్నిటికన్నా అది భరించలేకపోయాడు మేస్త్రీ.

మూడు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం చెల్లెలే ఆ మాట ఎత్తింది. "అన్నయ్యా, ఆ చివరిరోజు పెరట్లో మీరిద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. వాడేమన్నాడు?"

సంతకం గుర్తొచ్చింది. అయినా చెప్పాడు. తాడు విప్పడం దగ్గర్నుంచి కబురు పంపడం దాకా అంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్కసారైనా అడ్డుపడలేదు. శాపనార్థాలు పెడుతుందనుకున్నాడు, మీదపడి కొడుతుందనుకున్నాడు. కొట్టించుకోడానికి తల వంచుకునే కూర్చున్నాడు.

"లోపల వాడికా చప్పుడు వినబడేదా?" అంది చివరికి.

"వాడికే ముందు వినబడేది."

"వినబడ్డప్పుడల్లా ప్లేట్లే అనుకునుంటాడు. మామయ్య చెప్పాడు గదా."

ఆమె పెరటి వైపు చూసింది.

"ఆ కబురు వాళ్ళకి అందిందంటావా?"

"తెలీదమ్మా. అందాలని మొక్కని రోజు లేదు."

"అందకపోతేనే బావుణ్ణు" అంది ఆమె. "నువ్వు అబద్ధం చెప్పావని తెలీకుండా పోయుంటాడు."

చీర కుచ్చెళ్ళు సర్దుకుని లేచి లోపలికి వెళ్ళింది.