నర్సక్క మళ్లీ వేసిన సూదులు

పోయిన మంగళవారం పొద్దున చాయ్ పెట్టుకుంటుంటే మా పాత గల్లీ ఉన్న బాబుపేట నుంచి ఫోన్ వచ్చింది. మా నర్సక్క పోయింది. రాత్రి అన్నం తిని పడుకుంది, పొద్దున లేవలేదట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయిందని అవతలి మనిషి అంటుంటే ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. బతికున్నన్నాళ్లు ఆమె ఇబ్బంది పెట్టని ఇల్లు మా గల్లీలో ఒక్కటీ లేదు.

మహారాష్ట్రలోని మా చంద్రపూర్‌లో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో ఆమె నర్సు. తండ్రి కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనిలో పనికి వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టి, మరాఠీ బడిలో చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడేది కానీ చదవడం, రాయడం రాదు. డ్యూటీ నుంచి వస్తూ వస్తూ సగం ఇళ్లలోకి తొంగి చూసేది. పసిపిల్లలున్న ఇల్లయితే చెప్పులు విడిచి లోపలికే వచ్చి, పక్క గుడ్డలు తడిగా ఉన్నాయని తల్లిని తిట్టి మరీ వెళ్లేది. ఒకే సూదిని ఉడకబెట్టి పదిమందికి పొడిచే డాక్టర్లు ఊరినిండా ఉన్న రోజులవి. ఆమె మాత్రం కొత్త సూది పాకిట్‌ను తల్లి కళ్ల ముందే చింపేది, పని అయ్యాక తల్లి చూస్తుండగానే ఆ సూదిని విరిచేసేది. "నన్ను నమ్మకు చెల్లె, పాకిట్‌ను చూడు" అనేది. అట్లా అన్నందుకే ఆమెను ఇంకా ఎక్కువ నమ్మేవాళ్లం.

తొంభైల చివర్లో నేను తొలి కాన్పుకు అదే ఆసుపత్రిలో చూపించుకున్నాను. రక్తం పరీక్ష చేస్తే హెపటైటిస్ బి, అంటే లివర్‌కు పట్టే ఒక రకం కామెర్ల జబ్బు, ఉందని తేలింది. నా కళ్లు పచ్చబడలేదు, ఆకలి తగ్గలేదు, ఒంట్లో ఏ నొప్పీ లేదు. అయినా రక్తంలో ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎట్లా వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. కామెర్ల జబ్బు అన్న మాట వినగానే మా అత్తమ్మ వెళ్లి కామెర్ల దండ తెచ్చి నా మెడలో వేసింది. చిన్న చిన్న పుల్లలను దారంతో ముడేసిన దండ అది. రోజురోజుకూ సాగి కిందికి దిగుతుంటే జబ్బు కూడా దిగుతున్నట్టు లెక్క. దాన్ని చూసి నర్సక్క మండిపడుతుందని భయపడ్డాను.

"ఉండనియ్, మంచిగనే ఉంది. దండ దిగేది దిగనియ్ గని, బిడ్డ పుట్టంగనే సూది పడాలె" అంది. తర్వాత నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "నీకున్నది బిడ్డకొస్తే ఉట్టిగ పోదు చెల్లె. ఏండ్లకేండ్లు లోపల్నే ఉండి లివర్‌ను తింటది. అప్పటిదాంక ఏం కానరాదు. గందుకే నాకు భయం."

కూతురు పుట్టింది. కాన్పు గదిలోనే తొడకు మొదటి సూది పడింది. చూడవచ్చిన వాళ్లంతా పాలివ్వొద్దు, పాలతో జబ్బు బిడ్డకు వస్తుంది అన్నారు. రెండు పూటలు బిడ్డ ఏడుస్తూనే ఉంది, నేనూ ఏడుస్తూనే ఉన్నాను. డ్యూటీకి వచ్చిన నర్సక్క అందరినీ బయటికి పంపి బిడ్డను నా ఒళ్లో పెట్టింది. "సూది పడ్డది గదా, పాలియ్యి. నీ పాలల్ల ఏం దోషం లేదు" అంది. ఆ పూట ఆమె కాళ్లు మొక్కాలనిపించింది.

ఇంకా రెండు సూదులు పడాలి. మొదటి నెల నిండాక ఒకటి, ఆరో నెలకు ఒకటి. అప్పట్లో ఈ మందు సర్కారు దవాఖానాలో ఇచ్చేవాళ్లు కాదు, బయట కొనాలంటే మాలాంటి ఇళ్లకు భారం. మన దేశంలోనే తయారయ్యే మందు అప్పుడప్పుడే వచ్చి ధర కాస్త దిగింది. పెద్ద సీసా ఒకటి తెస్తే చాలామంది పిల్లలకు సరిపోతుందని నర్సక్క లెక్క వేసి, గల్లీలో పన్నెండు మంది తల్లులను ఒక్కతాటి మీదికి తెచ్చింది. నాగపూర్ వెళ్లి థర్మాస్‌లో సీసాను పట్టుకొచ్చింది. దాన్ని దాచడానికి గల్లీలో ఒక్క మా ఇంట్లోనే ఫ్రిజ్ ఉంది. మా ఆయన బోనస్‌తో కొత్తగా కొన్నది. అత్తమ్మ దానికి రోజూ కుంకుమ బొట్టు పెట్టేది.

నేను అప్పుడు బిడ్డతో రాజురాలో పుట్టింట్లో ఉన్నాను. సీసాను నర్సక్కే ఫ్రిజ్ నడిమి అరలో పెట్టి, గడ్డ కట్టనివ్వొద్దని మరాఠీలో ఒక చీటీ రాసి అంటించి, డ్యూటీకి టైమైందని పరుగెత్తింది. మా అత్తమ్మ ఆదిలాబాద్ వైపు మనిషి. కూడబలుక్కుని తెలుగు చదువుతుంది, మరాఠీ అక్షరం ముక్క రాదు. ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఊరి పక్కనే కరెంటు తయారవుతున్నా మా ఇళ్లలో పోవడం మామూలే. చల్లదనం తగ్గి మందు పాడవుతుందని అత్తమ్మకు బెంగ పట్టుకుంది. కరెంటు రాగానే సీసాను పైనున్న ఐస్ డబ్బాలో పెట్టేసింది. మర్నాడు తీసి, మళ్లీ ఎక్కడిదక్కడ సర్దేసింది.

ఆదివారం నేను బిడ్డనెత్తుకుని బస్సులో వచ్చాను. మా వరండాలో పన్నెండు మంది పిల్లలకూ సూదులు పడ్డాయి. తల్లులందరూ వెళ్లిపోయాక అత్తమ్మ చాయ్ తెచ్చి, గర్వంగా చెప్పింది. "కరెంటు పోతే మందు ఖరాబైతదని నేనే ఐస్ డబ్బల పెట్టి కాపాడిన బిడ్డా."

నర్సక్క కప్పు కింద పెట్టింది. సీసా తీసి ఊపి, వెలుతురుకు పట్టి చూసింది. తెల్లటి పలుకులు అడుక్కి దిగుతున్నాయి. "సూదులు ఏసేటప్పుడు గూడ కనవడ్డయి. ఊపి ఏసేసిన" అంది మెల్లగా. "ఈ మందు ఒక్కసారి గడ్డ కట్టిందంటే ఇగ పనిచెయ్యదు."

నా ఒళ్లోని బిడ్డను చూసుకున్నాను. మిగతా పిల్లలకు ఆ సూది ముందుజాగ్రత్త. నా బిడ్డకు నా నుంచే కాపాడే మందు అది.

అత్తమ్మ నర్సక్క చేతులు పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా. గల్లీల తల ఎత్తుకోలేను. నా మనుమరాలికొక్కదానికి మంచి మందు తెచ్చి వెయ్యి. మిగిలినోళ్లకు ఏమైతది?" నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ సరిగ్గా అదే ఉంది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

"పిల్లలకు సూది పడ్డదని అందరు తల్లులు ఇయ్యాల నిమ్మళంగ ఉంటరు పెద్దమ్మా" అంది నర్సక్క. "ఆ నిమ్మళం అబద్ధం. నేను చెప్పకుంటె ఎవ్వలు చెప్తరు?"

చాయ్ తాగకుండానే లేచింది. బిడ్డనెత్తుకుని నేనూ వెంట నడిచాను. ప్రతి గుమ్మం దగ్గరా ఒకటే మాట. "మందు గడ్డ కట్టింది. నేను చూసుకోలేదు. తప్పు నాది. పడ్డ సూదితోని హాని లేదు, లాభం గూడ లేదు. మళ్ల ఎయ్యాలె." ఒకరు తిట్టారు. ఒకరు ఇదంతా డబ్బు కోసం నాటకమన్నారు. ఒక మరాఠీ తల్లి పిల్లవాణ్ని మళ్లీ పొడిపించనని మొహం మీదే తలుపేసింది. నర్సక్క పక్కింటికి నడిచింది. ఏ గుమ్మంలోనూ అత్తమ్మ పేరు ఎత్తలేదు. ఎందుకని అడిగాను. "చీటీ మరాఠీల రాసిన. మీ అత్తకు మరాఠీ రాదని నాకు ఎర్క లేదా? ఎర్కే" అంది.

మర్నాడు సెలవు పెట్టి నాగపూర్ వెళ్లి ఇంకో సీసా తెచ్చింది. థర్మాస్ మూత తీసి, మొదటి సూది నా బిడ్డకే వేసింది. ఆ తర్వాత నా ముందు పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. "గడ్డ కట్టనియ్యొద్దు అని తెలుగుల ఎట్ల రాస్తరే?" అక్షరాలు ఒకటి నాగపూర్ వైపు, ఒకటి రాజురా వైపు చూస్తున్నట్టు వచ్చాయి. అయినా ఆ చీటీనే అంటించి, సీసాను మళ్లీ మా ఫ్రిజ్‌లోనే పెట్టింది. అత్తమ్మతో చీటీని మూడుసార్లు పైకి చదివించింది. "మనం చెప్పుడు గాదు, ఎదుటోళ్లు తిరిగి చెప్పాలె" అనేది అప్పటి నుంచి. మందుల వేళలు కూడా తల్లులతో అప్పజెప్పించుకున్నాకే కదిలేది.

ఆదివారం ఇంకో ఎనిమిది మంది పిల్లలు వచ్చారు. ముగ్గురు రాలేదు. ఆ మూడిళ్లకూ ఆమె రోజూ వెళ్లేది, రోజూ ఉత్త చేతులతో వచ్చేది. నాలుగో రోజు అత్తమ్మ కొంగు దోపుకుని లేచింది. "నడువ్, నేనొస్త" అంది. వచ్చీరాని మరాఠీలో, హిందీలో, మధ్యలో తెలుగులో, ఆ మరాఠీ తల్లికి చెప్పుకుంది. మందును పాడు చేసింది తనేనని, ఈమెను ఏమీ అనొద్దని. ఆ తల్లి లోపలికి వెళ్లి కొడుకును ఎత్తుకొచ్చింది. మిగతా ఇద్దరు కూడా ఆ వారమే వచ్చారు.

నాకున్నది నాతోనే ఉంది. నేను ఏటేటా పరీక్ష చేయించుకుంటున్నాను, బాగానే ఉన్నాను. నేను మరిచిపోయిన ఏడాది నర్సక్క ఇంటికొచ్చి తిట్టి తీసుకెళ్లేది. నేను వేరే పేటకు మారినా వదల్లేదు.

మూడో సూది కూడా పడ్డాక, బిడ్డకు ఏడాది దాటాక, రక్తం పరీక్ష చేయించాం. కాగితం తెచ్చుకునే రోజు బిడ్డనెత్తుకుని నర్సక్క వెంట వెళ్లాను. నేను లాబ్ బయట మెట్ల మీద కూర్చున్నాను, ఆమే లోపలికి వెళ్లింది. ఎంతకీ రాలేదు. ఆ కాగితంలో ఉన్నది లాబ్ వాళ్లతో రెండుసార్లు చెప్పించుకుందని తర్వాత తెలిసింది. బయటికొచ్చి, "రాలే చెల్లె. బిడ్డకు రాలే. సూది గూడ మంచిగ పట్టింది" అంది. కాగితం నా చేతిలో పెట్టి బిడ్డను ఎత్తుకుంది.

నా కూతురు ఆమె మొహం చూసింది. ఈమె ఎవరో, వస్తే ఏమవుతుందో దానికి బాగా తెలుసు. తొడ మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, నడిబజారులో గొంతు చించుకుని ఏడుపందుకుంది. ఆటోలవాళ్లు ఆగి చూస్తున్నారు. కళ్ల నీళ్లతో నేను చేతులు చాపినా నర్సక్క ఇవ్వలేదు. "ఏడ్వనియ్, ఎంత మంచిగ ఏడుస్తున్నదో చూడు" అంటూ, అది జుట్టు పీకుతుంటే నవ్వుకుంటూ, దాన్ని భుజానేసుకుని ఇంటిదాకా నడిచింది.